లక్షణం అనే మాటకు నేను రాసిన రెండు నిర్వచనాలు

పోయిన ఆదివారం సూరత్ పక్కన డుమస్ ఒడ్డున టమాటా భజియా బండి దగ్గర, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని మా మేనకోడలు జీవశాస్త్రం నిర్వచనాలు బట్టీ పడుతోంది. మా అక్క కూతురు, పదో తరగతి. ఇరవై మాటలు, మర్నాడు పరీక్ష. ఊరు ఊరంతా గాలి పీల్చుకోవడానికి వచ్చే చోట ఈ పిల్ల కళ్లు మూసుకుని కణత్వచం గురించి గొణుక్కుంటుంటే నాకు నవ్వొచ్చి ఏదో అనబోయాను. "మామా, కాలే టెస్ట్ ఛే, జర ఊకోరాదు!" అని ఒక్క ముక్కలో మూడు భాషలు వాడి నా నోరు మూయించింది.

పుస్తకంలో ఉన్నది అర్థం కాకపోతే ఫోనుని అడుగుతోంది. ఫోను రెప్పపాటులో చెబుతోంది. పిల్ల తలూపి పక్క మాటకు పోతోంది. అలా పదకొండో మాట దగ్గరికి వచ్చేసరికి నా చేతిలోని భజియా నోటిదాకా వెళ్లకుండా ఆగిపోయింది. ఆ మాట లక్షణం. ఒంట్లో రోగం ఉన్నట్టు తెలిపే గుర్తు అని ఫోను చెప్పింది. ఒకటి రెండు మాటల తేడాతో, పద్నాలుగేళ్ల కిందట నేను భేస్తాన్‌లో మా వీధి గోడ మీద సుద్దముక్కతో రాసిన నిర్వచనం అదే. అది సగమే నిజమని తెలుసుకోవడానికి ఆనాడు మా ఇంట్లో ఒక మనిషి ఊపిరితిత్తులు పణంగా పెట్టాల్సి వచ్చింది.

నాకింకా నలభై నిండలేదు కనుక జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదనే అనుకుంటూ వచ్చాను. కానీ ఆ గోడ ఇప్పుడు లేదు, ఆ మగ్గాలు లేవు, ఆ నిర్వచనం నాకు తప్ప ఎవరికీ సరిగ్గా గుర్తున్నట్టు లేదు. అందుకని వరసగా రాసి పెడుతున్నాను.

మాది మగ్గాల కుటుంబం. కరీంనగర్ వైపు నుంచి ముందు మా పెద్దబాపు సూరత్ వచ్చాడు, ఆయన వెనకే ఆయన తమ్ముడు, మా బాపు. నేను ఐదో తరగతిలో ఉండగా మా బాపు పోయాడు. ఆ నెలలోనే పెద్దబాపు మా అమ్మను, అక్కను, నన్ను భేస్తాన్‌లోని తన రెండు గదుల్లోకి తెచ్చుకున్నాడు. ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డు మా గదులకు నాలుగు సందుల అవతల ఉండేది. పగలంతా ఆ చప్పుడు మా ఇంట్లోకి వచ్చి గిన్నెల మీద కూర్చునేది. మా ఈడు పిల్లలు చాలామంది ఆ చప్పుడులోకే పనికి వెళ్లారు. నన్ను మాత్రం ఆయన ఒక్కరోజు కూడా పంపలేదు. ఎప్పుడైనా అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే, గుమ్మం దగ్గరే తీసుకుని వెనక్కి తిప్పేవాడు.

నాతోపాటు సూరత్‌లోని తెలుగు బడిలో చదివినవాళ్లకు ఒక ఇబ్బంది గుర్తుండే ఉంటుంది. ఎనిమిది దాకా కణం, కణజాలం, అవయవం అని చదువుకుని, తొమ్మిదికి గుజరాతీ బడికి పోతే కణం కాస్తా కోష్ అయింది, కణజాలం పేశీ అయింది. వీధిలో హిందీ పిల్లలు కోశికా అనేవాళ్లు. ఆ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరితే అన్నీ ఇంగ్లీషే. ఒకే వస్తువుకు నాలుగు పేర్లు మోయాల్సిన బతుకు మనది. నాకు చిన్నప్పటి నుంచి జాబితాల పిచ్చి. పొడవాటి పుస్తకం ఒకటి కొని, స్కేలు పెట్టి నిలువుగా గీతలు కొట్టి, తెలుగు, గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు అని నాలుగు గడులు చేసుకున్నాను. కొన్నాళ్లకు ఐదో గడి కూడా గీశాను. దానికి 'మనవాళ్లకు ఎలా చెప్పాలి' అని పేరు పెట్టాను. మొదటి నాలుగు గడులు సులువుగా నిండిపోయాయి. ఐదోది నింపడానికి నా యవ్వనంలో మంచి భాగం పట్టింది, ఇప్పటికీ అందులో ఖాళీలున్నాయి.

డిప్లొమా అయ్యాక సలాబత్‌పురాలో ఒక చీరల టోకు దుకాణం పై అంతస్తులో ఉన్న చిన్న రక్తపరీక్షల కేంద్రంలో చేరాను. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని మెడ ఎత్తితే కిటికీలోంచి తలల మీద చీరల మూటలతో హమాలీలు వరసగా పోతూ కనిపించేవాళ్లు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు నలుగురైదుగురు రిపోర్టు కాగితాలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు. గీత కింద ఉన్నదేంది, పక్కన బాణం గుర్తు ఎందుకుంది, డాక్టరు మొహం ఎందుకట్ల పెట్టింది, అన్నీ నేనే చెప్పాలి. చదువుకున్నవాడిగా వీధి మొత్తానికి నేనొక్కణ్నే దొరికాను మరి. విసుగు పడ్డానని చెప్పలేను. లోలోపల ఎంత గర్వపడేవాణ్నో పెద్దబాపుకు, ఆయన భార్య మా పెద్దమ్మకు మాత్రం తెలుసు.

ఒక సెలవు రోజున పెద్దబాపు షెడ్డు నుంచి పాత ప్లైవుడ్ చెక్క ఒకటి మోసుకొచ్చి, నల్లరంగు పూసి, మా వీధి కుళాయి పక్క గోడకు మేకులతో బిగించాడు. "ఒక్క మాట పదిమందికి పదిసార్లు చెప్పుడెందుకురా? ఒక్కసారి రాయి. చదువొచ్చినోడు చదువుతడు, రానోనికి చదివినోడు చెప్తడు," అన్నాడు. అలా మొదలైంది మా వారం వారం మాట. షెడ్డుకు వారపు సెలవు ఉన్న రోజు పొద్దున్న నేనొక మాట, దాని కింద నిర్వచనం రాసేవాణ్ని. ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని వరసలో నిలబడే చోటు కనుక చదివేవాళ్లకు కొదవ లేదు.

దానికి నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, నిర్వచనం రెండు పంక్తులు దాటకూడదు. రెండు, చెప్పాల్సిన మాట కంటే కష్టమైన మాట అందులో ఉండకూడదు. మూడు, సుద్దముక్క పట్టుకునే ముందు దాన్ని పెద్దమ్మకు వినిపించాలి. ఆమె దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే గోడెక్కాలి. పెద్దమ్మకు చదువు రాదు. ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. చెవులు నాకిచ్చి కళ్లు చీర మీదే ఉంచేది. హిమోగ్లోబిన్ అంటే ఊపిరితిత్తుల దగ్గర గాలిని నెత్తికెత్తుకుని ఒళ్లంతా తిరిగి దింపి వచ్చే హమాలీ అని చెప్పినప్పుడు, కత్తెర ఆపకుండానే, "అయితే నాకు హమాలీలు తక్కువున్నరన్నట్టు. గందుకే మెట్లెక్కితే ఆయాసం," అంది. అది ఆ రోజే గోడెక్కింది. ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, థైరాయిడ్, ఒక్కొక్కటీ ఇలాగే ఆమె కత్తెర కిందనుంచి వెళ్లి గోడ మీదికి చేరాయి. థైరాయిడ్‌ను మూడు వారాలు తిప్పి పంపింది.

గోడ మీద రాయగానే మొదట చదివేది పెద్దబాపు. నాలుగో తరగతి చదువు ఆయనది. అక్షరం కింద వేలు పెట్టి, మగ్గం ముందు నిలబడి బట్టను చూసినట్టు చూస్తూ, పైకి గట్టిగా చదివేవాడు. అంత చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి కనుక మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. ఆ చదువు వీధి చివరిదాకా వినపడేది.

గోడ మొదలుపెట్టిన మూడో ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. దుమ్ము అన్నాడు, బీడీ అన్నాడు, చలి అన్నాడు. మూడో వారంలో నేను మూత ఉన్న డబ్బా ఒకటి తెచ్చి, పొద్దున్నే లేచి అందులో ఉమ్మమని బతిమాలాను. గాజు పలక మీద పూసి, రంగులు వేసి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. నీలం నేల మీద సన్నటి ఎర్రటి పుల్లలు. క్షయ. ఎంతోమంది ముక్కూ మొహం తెలియనివాళ్ల పలకల మీద వాటిని చూసి, భలే స్పష్టంగా కనబడ్డాయని సంబరపడినవాణ్నే. ఆ రోజు మాత్రం పలక మీద అంటించిన పేరు రెండుసార్లు చదువుకున్నాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరు నెలల మందు మొదలుపెట్టారు. కొన్ని వారాలు పనికి పోవద్దన్నారు. ఇంట్లో కూర్చోవడం ఆయనకు రోగం కంటే కష్టమైంది. రోజూ పొద్దున్నే మాత్రలు మింగి, కడుపులో తిప్పుతుంటే గోడకు ఆనుకుని కూర్చుని, దూరంగా షెడ్డు చప్పుడు వింటూ, "మూడో నంబర్ మగ్గం ఎవడు నడుపుతున్నడో, చంపుతున్నడు దాన్ని," అనేవాడు. నెలన్నర తిరిగేసరికి దగ్గు పోయింది. బుగ్గలు నిండాయి. డాక్టరు సరేనన్నాక మళ్లీ షెడ్డుకు వెళ్లాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కుళాయి దగ్గర ఒకామె నన్ను అడిగింది, ఆసుపత్రిలో లక్షణాలేంది లక్షణాలేంది అని అడుగుతుంటరు, అంటే ఏం చెప్పాలె అని. ఇది పది నిమిషాల పని అనుకున్నాను. 'లక్షణం: ఒంట్లో రోగం ఉందని మనకు తెలిపే గుర్తు. దగ్గు, జ్వరం, నొప్పి లాంటివి.' నియమాల ప్రకారం చూస్తే వంక పెట్టడానికి లేదు. పెద్దమ్మకు వినిపించాను.

"ఎవలో తలుపు కొట్టినట్టన్నట్టు. కొడితే మనిషొచ్చిండని ఎరుక," అంది ఆమె కత్తెర ఆడిస్తూ.

"కొట్టకుంటే ఎవ్వల్లేనట్టు," అన్నాడు పెద్దబాపు మంచం మీదనుంచి.

ముగ్గురం నవ్వుకున్నాం. నేను ఇంకా ఎక్కువే చేశాను. ఒక నిర్వచనం ఇంతగా అర్థం కావడం నా చేతి గొప్పతనమని పొంగిపోతూ వెళ్లి పెద్ద అక్షరాలతో రాసొచ్చాను. నా నియమాలన్నీ, మాట అర్థమవుతుందా లేదా అని అడిగేవే. అర్థమైన మాటను పట్టుకుని మనిషి ఏం చేస్తాడు అని అడిగే నియమం నా దగ్గర లేదు.

మూడు వారాల తర్వాత పెద్దమ్మ, పెద్దబాపు మూత్రం పట్టిన సీసా ఒకటి నా చేతికిచ్చింది. ఆయనకు ఆకలి మరీ ఎక్కువగా ఉంటోంది, షుగరేమో ఒకసారి చూడమంది. అది మందు ఒంటికి పట్టి వచ్చిన ఆకలే అయ్యుంటుందని నేననుకుంటూనే పట్టుకెళ్లాను. బల్ల మీద మిగతా సీసాల వరసలో పెట్టాను. పేర్లు రాసుకుంటూ ఆ సీసా దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అందులో ఉన్నది లేత పసుపు రంగు. ఎవరిదైనా అలాగే ఉంటుంది. కానీ క్షయకు ఇచ్చే మందుల్లో ఒకటుంది, అది మింగినవాడి మూత్రం కొన్ని గంటలపాటు నారింజ రంగులోకి మారుతుంది. పొద్దున్నే మాత్రలు మింగిన మనిషి, ఆ తర్వాత రెండు గంటలకు నింపిన సీసా అది. మామూలు రంగు చూసి నేనంత భయపడటం అదొక్కసారే. షుగరు పరీక్ష చేసి, లేదని రాసి, సంతకం పెట్టి, మా కేంద్రం సారుకు చెప్పి, చేతులు కడుక్కుని భేస్తాన్ వెళ్లే ఆటో ఎక్కాను.

అన్నం వేళకు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ చప్పుడులో మాటలు పనికిరావు, పెదవులు చూసి అర్థం చేసుకోవాలి. ఆయన నన్ను చూసి, పక్క మగ్గాలవాడికి తన వరస చూడమని సైగ చేసి, బయట నీళ్ల కుండ దగ్గరికి వచ్చాడు.

"గోలీలు ఆపినవా పెద్దబాపూ?"

"ఎవడు చెప్పిండు నీకు?"

"నీ సీసానే చెప్పింది."

ఆయన నా మొహం చూసి పకపకా నవ్వాడు. "గిదేం చదువురా నాయనా! ఉచ్చ చూసి జాతకం చెప్తవా?"

నాకు నవ్వు రాలేదు. ఎన్నాళ్లయిందని అడిగాను. పదిహేను రోజులన్నాడు. ఆసుపత్రి నుంచి మాత్రల పట్టీలు తెచ్చుకుంటూనే ఉన్నాడట, షెడ్డులో దారం చుట్టే ఖాళీ కండెల డబ్బాలో దాస్తున్నాడట. పెద్దమ్మ వంటలో ఉన్నప్పుడు నీళ్లు మాత్రం గటగటా తాగి గ్లాసు కింద పెట్టేవాడట.

"దగ్గున్నదా నాకు? జరమున్నదా? నువ్వే రాస్తివి గదరా, రోగముంటే గుర్తుంటదని. గుర్తు పోయింది, రోగం పోయింది. ఇగ కడుపుల తిప్పుకుంట గా గోలీలు ఎందుకు తినాలె? నేను నా ఇష్టమొచ్చినట్టు ఆపలేదు, నీ రాత నమ్మి ఆపిన."

నేను చెప్పడం మొదలుపెట్టాను. సూక్ష్మజీవులు కొన్ని త్వరగా చస్తాయని, కొన్ని నిద్రపోయినట్టు పడి ఉంటాయని, సగంలో ఆపితే మిగిలినవి మందుకు లొంగకుండా తయారవుతాయని, అప్పుడు ఆరు నెలలతో పోయేది ఏళ్లు పడుతుందని, ఆ మందులకు చెవులు కూడా పోవచ్చని, ఒక్కోసారి మనిషే దక్కడని. నా నియమాలు మూడూ గాలికి పోయాయి. ఆయన ఓపికగా విన్నాడు.

"గిదంత గోడ మీద లేదు గద," అన్నాడు.

"నేను తప్పు రాసిన, పెద్దబాపూ."

"గట్లనా? అయితే అదే గోడ మీద రాయి. తప్పు రాసిన అని నలుగురు చూసేటట్టు రాయి. అప్పుడు తింట."

నేను ఒప్పుకోనని ఆయనకు గట్టి నమ్మకం. నా గర్వం ఎంతటిదో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు, దాన్ని పెంచి పోషించినవాడే ఆయన. నేనింకా నోరు తెరవకముందే ఆయన చూపు నా భుజం మీదుగా లోపలికి పోయింది. "ఆగు," అని నన్ను పక్కకు నెట్టి పరుగులాంటి నడకతో వెళ్లి, మంచిగా నడుస్తున్న మూడో నంబర్ మగ్గాన్ని చేత్తో కొట్టి ఆపాడు. వంగి, తెగిన పోగు కొసను వెతికి పట్టుకుని, ముడి వేసి, సన్నటి కన్నంలోంచి లాగి, మళ్లీ నడిపించి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. అంత దూరం నుంచి వేల పోగుల్లో ఒక్కటి తెగితే ఆయనకు ఎలా కనపడిందో నాకు ఈరోజుకీ తెలియదు. నా సూక్ష్మదర్శినికి ఆ పని చేతకాదు.

"అది మంచిగనే నడుస్తున్నది గద. నువ్వెందుకు ఆపినవ్?" అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను. నన్ను ఆయన షెడ్డులో అడుగు పెట్టనిస్తే కదా.

"పేక తెగితే అదే ఆగుతది. దానికి కొక్కెముంటది, అడ్డం పోగు లేదని ఎరుకైతది. పడుగు, గదే నిలువు పోగు, తెగితే దానికేం తెల్వది. నడుస్తనే ఉంటది. చప్పుడు గూడ మారది. నడుస్తున్నది గద అని ఇడిసిపెట్టినవనుకో, బట్ట తాన్ మొత్తం గీత పడ్తది. ఇగ మడత పెట్టేకాడ ఎలుతురుల ఇప్పి చూస్తే అప్పుడు కనబడ్తది. అప్పటికి చేసేదేముంటది..."

ఆ మాట మధ్యలోనే ఆయన ఆగాడు. కుండ మీది గ్లాసు తీసుకున్నాడు, తాగకుండా మళ్లీ పెట్టాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వివరించే నేను ఆ నిమిషంలో నోరు మూసుకుని నిలబడగలిగానంటే, అది నా బతుకులో చేసిన తెలివైన పనుల్లో మొదటిది.

"దొంగనా కొడకా," అన్నాడు చివరికి. తర్వాత లోపలికి పోతూ వెనక్కి తిరిగి, "అయిన సరే, గోడ మీద రాయాలె," అన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఆయన్ను హిందీలోనూ నన్ను గుజరాతీలోనూ తిట్టి, మళ్లీ కఫం పరీక్ష రాసి, ఆపిన రోజులకు మందు పొడిగించి ఇచ్చింది. పట్టీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు కానీ మింగలేదు. పెద్దమ్మ నిలబెట్టి అడిగితే వేలెత్తి కుళాయి వైపు చూపించాడు.

నేను ఆ పొద్దుటి నుంచే రాసుకుంటున్నాను. పదహారు సార్లు కొట్టేశాను, ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చివరికొకటి కుదిరితే పెద్దమ్మ దగ్గర కూర్చుని చదివాను. ఆ రోజు ఆమె కత్తెర ఆపి విన్నది.

"తలుపు కొట్టేటోడు కొడ్తడు. కొట్టకుండ ఎనక నుంచి ఇంట్ల జొరబడి కూసున్నోడు గూడ ఉంటడు. గంతేనా?" అంది.

"గంతే, పెద్దమ్మా."

"గా ముచ్చట అప్పుడే నాకు తోచాలె. నవ్వుకుంట కూసున్న," అంది. తప్పులో తనకూ ఒక వాటా తీసుకుని నా భారం తగ్గించాలని చూసింది, పిచ్చితల్లి.

నీళ్లు వచ్చే వేళకు, బిందెల వరస ముందు, పాతది తుడిచి ఇలా రాశాను. 'లక్షణం అనే మాటకు ఇక్కడ నేను ఇంతకుముందు రాసింది సగమే. తప్పు నాది. లక్షణం: రోగం తనంతట తాను ఇచ్చే గుర్తు. పేక తెగితే మగ్గం ఆగుతుంది, పడుగు తెగితే ఆగదు. గుర్తు లేనంత మాత్రాన రోగం లేనట్టు కాదు, డాక్టరు చెప్పేదాకా మందు ఆపకూడదు.' రెండు పంక్తుల నియమం చచ్చిపోయింది. మూడేళ్లలో అదే మొదటిసారి.

వెనకనుంచి ఒక గొంతు, "ఏంది సార్, నువ్వు గూడ ఫెయిలైతవా?" అంది. ఇంకో గొంతు, "మరి గా హమాలీల ముచ్చటన్న నిజమేనా, అది గూడ మార్చుతవా?" అంది. నవ్వులు. నా చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు పెద్దబాపు వరసను చీల్చుకుని ముందుకొచ్చి, అక్షరం కింద వేలు పెట్టి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా వీధి దద్దరిల్లేలా చదివాడు. 'తప్పు నాది' దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగాడు. పడుగు మాట వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న మగవాళ్లందరూ మగ్గాలవాళ్లే, ఆడవాళ్లందరూ మగ్గాలవాళ్ల ఇళ్లవాళ్లే. గీత పడిన బట్ట తాను ఎలా ఉంటుందో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. చదవడం అయ్యాక ఆయన జేబులోంచి పట్టీ తీసి, "జర నీళ్లు తేయే," అన్నాడు పెద్దమ్మతో. కుళాయిలోంచే పట్టి ఇచ్చింది. ఒక్కొక్కటే, అందరి ముందూ మింగాడు.

ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. పెద్దమ్మ గ్లాసును నమ్మడం మానేసి నోరు తెరిపించి చూసేది. "గుర్రం పళ్లు చూసినట్టు చూస్తది," అని ఆయన వీధిలో చెప్పుకునేవాడు. కోర్సు పూర్తయ్యాక చివరి పలక నేనే చూశాను. వంద చోట్ల చూడాలని మాకు నియమం. నేను మూడు వందల చోట్ల చూశాను. అంతా నీలం. ఎక్కడా ఎర్ర పుల్ల లేదు. ఆ నీలం కంటే అందమైనది నేనింకా చూడలేదని రాస్తే అతిశయం అనుకుంటారేమో, అనుకోండి.

తప్పు ఒప్పుకున్నాక నన్నెవరూ నమ్మరని భయపడ్డాను. జరిగింది వేరు. మా సందుల్లో మందులు ఇచ్చే సిస్టర్ ఆ పంక్తులు కాగితం మీద ఎక్కించుకుని, తనకొచ్చిన తెలుగులో ఇల్లిల్లూ చెప్పింది. షెడ్లలో అదొక వాడుక అయిపోయింది. ఎవరైనా సగంలో మందు ఆపితే, "వానిది పడుగు తెగిన కథ," అనేవాళ్లు. కొన్నేళ్ల తర్వాత సలాబత్‌పురాలో మా కేంద్రం మెట్ల మీద, నేనెన్నడూ చూడని మనిషి ఒకడు తన తమ్ముణ్ని పట్టుకుని, "పేక తెగితే ఆగుతది, పడుగు తెగితే ఆగదు, ఎరుకేనారా నీకు?" అని గదమాయిస్తుంటే, నేను రిపోర్టుల కట్ట పట్టుకుని వాళ్ల పక్కనుంచి ఏమీ తెలియనట్టు దిగిపోయాను. నా సర్టిఫికెట్లన్నీ ఒకవైపు, ఆ మెట్లు ఒకవైపు. ఇప్పుడు నేను పెద్ద ల్యాబులో పనిచేస్తున్నాను, నా కింద ఆరుగురున్నారు, కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు ఈ కథ చెబుతాను.

మళ్లీ డుమస్ దగ్గరికి వస్తాను. పిల్ల పదకొండో మాట దగ్గర ఉండగానే నేను కుర్చీ జరుపుకుని, దీనికి నా దగ్గర ఇంకో నిర్వచనం ఉంది అని, ఎంతో గర్వంగా, ఆ గోడ మీది మాటలు అప్పజెప్పాను. పిల్ల శ్రద్ధగానే విన్నది. కనుబొమలు ముడివేసింది.

"లేకిన్ మామా, పడుగు తెగితే ఎందుకు ఆగదు? ఆగుతది గద. పైన లాల్ లైట్ పడ్తది. మా డాడీ షెడ్డుల చూసిన."

నిజమే. మా బావ నడిపేవి రేపియర్ అనే కొత్తరకం మగ్గాలు. అడ్డం పోగు తెగినా నిలువు పోగు తెగినా అవే టక్కున ఆగుతాయి, పైన స్తంభం మీద ఎర్ర దీపం వెలుగుతుంది, మనిషి తీరిగ్గా నడిచి వెళ్లి చూసుకుంటాడు. పాత మగ్గాలు అలా ఉండేవి కావని చెప్పాను. "ఓ, జూనా మగ్గాలా," అని పిల్ల మర్యాదగా తలూపింది. తాతల కాలం సంగతి వింటున్నప్పుడు మనం ఊపేవాళ్లం చూడండి, అలా.

నా పక్క కుర్చీలో భజియా ఊదుకుంటూ తింటున్న పెద్దబాపు, ఏమంటున్నది పిల్ల, అని అడిగాడు. డెబ్బై దాటాయి, మగ్గాలు చెవులను తినేశాయి, ఊపిరితిత్తులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన నమిలింది మింగి, ఆలోచించాడు.

"సచ్ అంటున్నది. ఇప్పటియి అన్నిటికి ఆగుతయి. మంచిదే," అన్నాడు. తర్వాత పిల్లవైపు తిరిగి, బండిదగ్గరున్న జనమంతా తిరిగి చూసేంత గట్టిగా, "అయితే ఇంకోటి నువ్వు రాయి బిడ్డా. నేను చదువుత," అన్నాడు.

పిల్ల ఫోను వైపు చూసింది, తర్వాత పుస్తకం అంచున ఉన్న ఖాళీ వైపు చూసింది. పెన్ను మూత తీసి, నోట్లో పెట్టుకుని కూర్చుంది. పరీక్షకు అది అక్కర్లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ కుళాయి గోడ రోడ్డు వెడల్పులో పోయింది. మూడో నంబర్ మగ్గం తుక్కు కింద పోయింది, దానితోపాటు నేను రాసిన మంచి నిర్వచనం కూడా పోయింది. ఇప్పటి మగ్గాలు ఎంతో తెలివైనవి, వాటి మీద నాకు కోపం లేదు. మనిషి ఒళ్లు ఒక్కటే ఇంకా ఆ పాత మగ్గంలాగే ఉండిపోయింది. లోపల పడుగు తెగినా చప్పుడు మారకుండా నడుస్తూనే ఉంటుంది, దానికి ఎర్ర దీపం ఇంకా ఎవరూ బిగించలేదు.